నడిమి దూలం

మా సంఘం కొత్త మందిరానికి కప్పు వేసిన మేస్త్రీని నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే దాచుకున్నట్టుంటుంది.

ఆ ఎండాకాలం నాకు నలభై ఆరేళ్లు. అప్పటిదాకా నేను కట్టినవి గోడలు, మెట్లు, నీళ్ల తొట్లు. పెద్ద కప్పు నా చేతికి ఎవరూ ఇవ్వలేదు. మా అయ్యగారు ఇచ్చారు. అయ్యగారంటే మా సంఘ కాపరి. ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక, "బయటి మేస్త్రీ మనకెందుకు? దేవుడు మన మధ్యలోనే ఒక మేస్త్రీని పెట్టాడు" అన్నారు. జనం స్తోత్రం అన్నారు. మా అమ్మ అందరికంటే గట్టిగా అంది.

మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది.

"అంత పెద్ద దూలం ఎప్పుడైనా పోశారా మీరు?"

"పోస్తుంటే చూశాను."

"చూడ్డం వేరు కదండీ."

"నీకేం తెలుసు, గిన్నెలు తోముకో" అన్నాను.

పదిహేనేళ్లు నా పక్కన ఇటుకలు మోసిన మనిషి. మట్టం తప్పిన గోడని నాకంటే ముందు కనిపెట్టే మనిషి. గిన్నెలు తోముకుంది.

కప్పు పోయడం ఒక్కరోజు పని. తెల్లారుతూ మొదలుపెడితే పొద్దు వాలేలోపు ముగించాలి. మధ్యలో ఆపకూడదు. ఎండ బాగా ఉంటే పోసిన కాంక్రీటు గంట, గంటన్నరలో బిగుసుకుంటుంది. దాని పక్కన మళ్లీ పోస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన పడుకుంటాయి గానీ కలవవు. ఇదంతా నాకు తెలుసు. నాకు తెలియక జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి.

మధ్యాహ్నానికి సగం కప్పు అయింది. హాలు నడుమ ఈ గోడనుంచి ఆ గోడకి పెద్ద దూలం ఉంది. మిగతా కప్పంతా దాని మీదే ఆనుతుంది. అది సగం లోతు దాకా నిండింది. సరిగ్గా అప్పుడే కారు వచ్చి ఆగింది. అందులోంచి పెద్దయ్యగారు దిగారు. మా అయ్యగారి లాంటి పదిమందికి ఆయన పైవాడు.

అయ్యగారు కిందనుంచి చప్పట్లు కొట్టారు. "మిషను ఆపండి! అందరూ దిగండి! పెద్దయ్యగారు ప్రార్థన చేస్తారు."

నేను పైనుంచి వంగాను. "అయ్యగారూ, రెండు గంటలు ఓపిక పట్టండి. ఈ దూలం ఒక్కటి నిండనివ్వండి."

"చూశారా పెద్దయ్యగారూ, మా మేస్త్రీకి పని పిచ్చి" అని నవ్వారు. మళ్లీ నా వైపు తిరిగి, "దేవుడి ఇల్లు కడుతూ దేవుడికోసం ఆగలేవా తమ్ముడూ?" అన్నారు.

యాభైమంది చూస్తున్నారు. దిగాను.

పెద్దయ్యగారిది మంచి గొంతు. మంచి గొంతున్నవాళ్లని నేనిప్పుడు నమ్మను. ఆయన ఇసుక కోసం ప్రార్థన చేశారు, ఇనుము కోసం చేశారు, మా చేతుల కోసం చేశారు, రాబోయే తరాల కోసం చేశారు. తర్వాత పాటలు. తర్వాత కప్పు వెనకాల కనపడేలా అందరినీ నిలబెట్టి ఫొటోలు. కాంక్రీటు కలిపే మిషను చప్పుడు ఆగిపోయి, ఎండ చప్పుడొకటే వినిపిస్తున్నట్టుంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఎదురు వరసలో ఇంకో రెండు కళ్లు తెరిచే ఉన్నాయి. మా ఆవిడవి. కప్పు వైపు చూసి నా వైపు చూసింది.

గంటా నలభై నిమిషాలు.

పైకెక్కి దూలం అంచు మీద బొటనవేలు నొక్కాను. దిగలేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మా పనిలో దిగిన మొదటి ఏడే నేర్పిస్తారు. మామూలు కప్పయితే పాత ముఖం గరుకుగా చెక్కి, కడిగి, సిమెంటు పాలు పోసి ఆ తర్వాత కొత్తది వెయ్యాలి. దూలమయితే అదీ చాలదు. పోసినదంతా తీసేసి మొదటినుంచి పోయాలి. కింద పెద్దయ్యగారు ఇంకా నిలబడే ఉన్నారు. "కానివ్వండి, కానివ్వండి, కళ్లారా చూసి వెళ్తాను" అంటున్నారు.

మా ఆవిడ తట్ట నెత్తిమీద పెట్టుకుని నా పక్కన ఆగింది. "చెక్కరా?" అంది మెల్లగా.

"పొయ్" అన్నాను.

పోసింది.

*

కప్పు పోశాక దాని మీద మట్టితో చిన్న గట్లు వేసి మడులు కడతాం. వాటిలో నీళ్లు నిలబెడితే కప్పు మెల్లగా గట్టిపడుతుంది. ఆ పని ఆవిడ తీసుకుంది. సంఘంలో ఆడవాళ్లు ఒకరు పూలకుండీలు, ఒకరు తెరలు, ఒకరు పాటలు, ఇలా ఎవరి పని వాళ్లు పంచుకున్నారు. నీళ్లు మోసే పని ఎవరూ అడగలేదు. రోజూ తెల్లారగానే నిచ్చెనెక్కి ఇరవై నాలుగు మడులు నింపి వచ్చేది. పైన ఎవరూ చూడరు. చూడకపోయినా ప్రతి మడికీ వంగి చెయ్యి పెట్టి లోతు చూసేది.

నాలుగో రోజు తడిచీరతోనే వచ్చి చెప్పింది. "నడిమి వరసలో నీళ్లు నిలవడంలేదండీ."

"గట్టు తెగిందేమో."

"గట్టు బాగానే ఉంది."

ఆమెతో పాటు ఎక్కాను. నా కళ్లముందే బిందెడు నీళ్లు పోసింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. నీళ్లు పక్కకి పోవడంలేదు. లోపలికి పోతున్నాయి. కింద ఎవరో కూర్చుని పీలుస్తున్నట్టు.

దిగి కప్పు కిందికి వెళ్లాం. అక్కడంతా కర్రలే. కప్పు గట్టిపడేదాకా దాన్ని మోసే కర్రలు, అడవిలాగా. పట్టపగలు కూడా చీకటిగా, చల్లగా ఉంది. దూలానికి బిగించిన చెక్కల సందుల్లోంచి తడి గీత కనపడుతోంది. ఒక చివరినుంచి ఇంకో చివరికి, తాడు పట్టి గీసినంత తిన్నగా. ఆమె దాని మీద వేలు పెట్టి ఆ గోడదాకా నడిచింది.

ఆ కర్రలు కట్టినవాడు అప్పుడే లోపలికి వచ్చాడు. అతన్ని మేమంతా కర్రలాయన అంటాం. తక్కువ మాట్లాడే మనిషి. ఒక్కో కర్రనీ కాలితో తన్నుకుంటూ వచ్చాడు. పక్కనున్నవి కొద్దిగా ఊగాయి. దూలం కిందవి ఊగలేదు. రాతిని తన్నినట్టు మోగాయి.

"ఇవి బరువు మోస్తున్నాయి మేస్త్రీ" అన్నాడు. "ఈపాటికి దూలం తన బరువు తను ఎత్తుకోవడం మొదలుపెట్టాలి. ఇది పూర్తిగా వీటి మీదే పడుకుంది."

"కొత్తది కదా."

అతను నన్ను చూశాడు. మా ఆవిణ్ణి చూశాడు. "నీ ఇష్టం. నావి కర్రలు. దూలం నీది" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు సాయంత్రం ఆమె నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"పగలగొట్టి మళ్లీ పోద్దాం."

"ప్రతిష్ఠ తేదీ పెట్టేశారు. పదహారు రోజులే ఉంది. పది సంఘాలకీ కబురు పోయింది."

"తేదీ మార్చుకుంటారు."

"ఏమని చెప్పమంటావు? మీరు ప్రార్థన చెయ్యడం వల్ల చెడిందని చెప్పనా? లేక నేను చేతగానివాణ్ణని చెప్పనా?"

"రెండూ నిజమే కదా" అంది.

అంత తిన్నగా చెప్పేది. చెప్పి గ్లాసు తీసుకుని లేచేది. ఆమెతో పోట్లాడటానికి పట్టు దొరికేది కాదు.

మర్నాడు నేను అయ్యగారి దగ్గరికి వెళ్లాను. చెబుదామనే వెళ్లాను. అది మాత్రం నిజం. ఆయన నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లారు. గోడకి ఆనించి నల్లరాయి ఒకటి ఉంది. దాని మీద గోనెపట్టా. ఆయన పట్టా తీశారు. దేవుని మహిమార్థం అని పైన ఉంది. కింద పెద్దయ్యగారి పేరు, దాని కింద అయ్యగారి పేరు, అన్నిటికంటే కింద నా పేరు.

నా పేరు రాతిమీద నేనెప్పుడూ చూడలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. చిన్నప్పుడు పలక మీద చదివినట్టు.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?" అన్నారు అయ్యగారు.

"ఏం లేదు. నీళ్ల తొట్టి నిండటంలేదు. కుళాయి సంగతి చెబుదామని."

"చెప్పిస్తాను, చెప్పిస్తాను" అని నా భుజం తట్టారు.

*

మా సంఘంలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఎవరైనా లేచి ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు చెప్పొచ్చు. జ్వరం తగ్గిందని, ఉద్యోగం దొరికిందని, తప్పిపోయిన గేదె దొరికిందని. చెడ్డ సంగతి చెప్పడానికి ఎవరూ లేవరు. అలా లేవకూడదని ఎవరూ చెప్పలేదు. అలా ఎవరూ చెయ్యరు, అంతే.

కొత్త మందిరం పక్కనే రేకుల షెడ్డులో కూర్చునేవాళ్లం. ఆ ఆదివారం ఇద్దరు చెప్పాక మా ఆవిడ లేచింది. పదిహేనేళ్లలో ఆమె లేవడం అదే మొదలు. పక్కనున్నవాళ్లు ముందే నవ్వుముఖాలు పెట్టారు.

"అందరికీ వందనాలు" అంది. "కొత్త కప్పు నడిమి దూలం కలవలేదు. పోస్తూ మధ్యలో ఆపాం కాబట్టి కలవలేదు. రోజూ నీళ్లు పోస్తున్నాను, నా కళ్లతో చూశాను. నేనూ దాని మీద తట్ట పోశాను, నా తప్పూ ఉంది. కర్రలు తీయొద్దు. పగలగొట్టి మళ్లీ వేద్దాం. తేదీ పోతే పోయింది. దేవుడికి తేదీతో పనేముంది?"

కూర్చుంది.

తర్వాత వెనకనుంచి ఎవరో, "మేస్త్రీ ఇంట్లో ఇంజినీరుందని మాకు తెలీదే" అన్నారు. నవ్వులు. మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవాడు. అన్ని తాళాలూ ఆయన నడుముకే వేలాడేవి గనక తాళాలాయన అనేవాళ్లం. ఆయన లేచి, "చెల్లెమ్మా, ప్రార్థన వల్ల దూలం చెడిందా? ఆ మాట నోటితో ఎలా అనగలిగావు?" అన్నాడు.

అయ్యగారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టారు. కోపంగా లేరు. అదే ఇంకా భయం.

"చెల్లికి భయం వేసింది. భయపడటం పాపం కాదు. పని తెలిసినవాణ్ణే అడుగుదాం. మేస్త్రీ, లే. దేవుడి సన్నిధిలో చెప్పు. కప్పు గట్టిదేనా?"

లేచాను. మా అమ్మ ముందు వరసలోంచి మెడ తిప్పి నన్నే చూస్తోంది. ముసిలిదాని ముఖం వెలిగిపోతోంది. కొడుకుని అయ్యగారు లేపి అడుగుతున్నారని.

"గట్టిదే" అన్నాను.

ఒక్క మాట. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు.

"స్తోత్రం" అన్నారు అయ్యగారు. జనం స్తోత్రం అన్నారు. పాట మొదలైంది. మా ఆవిడ కూడా పాడింది. ఆమె గొంతు వణకలేదు. అది నేను విన్నాను.

ఇంటికి వెళ్లేదారిలో అమ్మ ముందు నడుస్తూ గొణుగుతూనే ఉంది. "మొగుడి పని మీద మొగుడి ముందే బురద చల్లే ఆడదాన్ని ఇప్పుడే చూశాను." మేమిద్దరం వెనక నడిచాం. చాలా దూరం వెళ్లాక నేనే అన్నాను.

"తిట్టు. తిడితే పోతుంది."

"నన్ను అబద్ధాలకోరుని చేశారని కాదండీ నా బాధ."

"మరి?"

"రేపు ఆ కప్పు కింద కూర్చుని దేవునికి మహిమ అని పాడతాం. ఆయన మన పాట వింటూ, తలెత్తి ఆ దూలాన్ని కూడా చూస్తాడు కదా. మహిమంటే పెద్ద పెద్ద మాటలు నాకు తెలియవు. మనం చేసిన పని చూసి ఆయన సిగ్గుతో తల దించుకోకూడదు. నాకు తెలిసిందంతే."

"ఇంకేం చెయ్యమంటావు? చెప్పేశాను కదా అందరి ముందూ."

"మీరు మళ్లీ చెప్పొచ్చు. నోరు మీదే."

నేను చెప్పలేదు. ఆమె నన్ను మళ్లీ అడగలేదు. మర్నాటినుంచి మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేది కాదు. ఒక్కో ఇంటి గుమ్మం దగ్గరా ఆగి ఆడవాళ్లతో ఒకటే మాట చెప్పేదట. "లోపల నడుమ కూర్చోకండి. గోడల పక్కన కూర్చోండి. పిల్లల్ని దగ్గర పెట్టుకోండి." కొందరు తలుపు వేసేశారు. కొందరు నవ్వారు. కొందరు విన్నారు. ఆమె అయ్యగారి మీద గానీ నా మీద గానీ ఒక్క చెడ్డమాట అనలేదని తర్వాత వాళ్లే చెప్పారు. పొద్దున్నే వెళ్లి నీళ్లు మాత్రం పోస్తూనే ఉంది. ఎందుకు పోస్తున్నావని అడిగాను.

"ఉన్నంతలో గట్టిపడనివ్వండి" అంది.

*

దూలం కింద కర్రలు కనీసం మూడు వారాలు ఉండాలి. పదిహేడో రోజున తీయించారు. ప్రతిష్ఠ రోజున కర్రల మధ్య జనం ఎలా కూర్చుంటారని.

కర్రలాయన సుత్తి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇంకో పది రోజులుంచితే నాకు పోయేదేం లేదు. అద్దె కూడా అడగను. ఏమంటావు?"

అయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "తీసెయ్" అన్నాను.

ఒక్కొక్క కర్ర కింద పెట్టిన దిమ్మని కొట్టి తప్పిస్తూ వచ్చాడు. చివరిది కొట్టగానే దూలంలోంచి ఒక చప్పుడు వచ్చింది. పెద్దది కాదు. బాగా అలిసిపోయిన ముసలాయన మంచం మీద కూర్చుంటే వచ్చే చప్పుడు. అందరం తలెత్తాం. ఏమీ కాలేదు.

తాళాలాయన నడుము మీది తాళాలు ఊపుతూ నవ్వాడు. "ఏం చెల్లెమ్మా, ఆకాశం విరిగిపడిందా?"

మా ఆవిడ గుమ్మం బయట నిలబడి ఉంది. "పడకూడదనే అన్నయ్యా నేనూ కోరుకునేది" అంది.

కర్రలాయన తన కర్రలన్నీ బండికెత్తించుకుని వెళ్లాడు. ప్రతిష్ఠకి రమ్మంటే రానన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు కప్పు నిలబడింది. నిలబడినకొద్దీ నాకు ధైర్యం వచ్చింది. ఆమె పొరపాటు పడిందనుకున్నాను. ఆ రోజు నేను చూసిందీ పొరపాటే అనుకున్నాను. కింద సున్నం వేశాం. తడి గీత సున్నం కింద కనపడకుండా పోయింది. ఒకరోజు భోజనం దగ్గర, "చూశావా?" అన్నాను కూడా. ఆమె నా పళ్లెంలోకి కూర వేసింది.

ప్రతిష్ఠ ముందురోజు మధ్యాహ్నం వాన పడింది. ఆ ఏడు మొదటి వాన. గంటసేపు ఏకధారగా. కప్పు మీద మడులు గట్లదాకా నిండి ఉంటాయి. వాన రాగానే పైకెక్కి గట్లు పగలగొట్టి నీళ్లు వదలాలి. లేకపోతే ఆ బరువంతా కప్పు మీదే. అది నేను మరిచిపోలేదు. ఎక్కితే ఆ నడిమి వరస మళ్లీ చూడాలి. నీళ్లు నిలిచాయో లేదో చూడాలి. ఎక్కలేదు. ఆమె వాన తగ్గాక వెళ్లింది. తాళాలాయన నిచ్చెన లోపల పెట్టి తాళం వేశాడట. మందిరం ముందు నిచ్చెన బాగుండదని.

*

పొద్దున పదింటికి జనం లోపలికి వెళ్లారు. పది సంఘాలనుంచి వచ్చారు. పెద్దయ్యగారు వేదిక మీద కూర్చున్నారు. నేను గుమ్మం పక్కన కొత్త చొక్కాతో నిలబడ్డాను.

పాట మొదలుకాకముందే అందరికీ కనపడింది. మా సంఘం ఆడవాళ్లు గోడల వెంట ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు. వాళ్లని చూసి బయటినుంచి వచ్చినవాళ్లూ అలాగే కూర్చున్నారు. నడుమ పరిచిన చాపలన్నీ ఖాళీ. దూలం కింద ఒక్క మనిషి లేడు.

అయ్యగారు మైకులో మొదట సరదాగా అన్నారు. "నడుమకి రండమ్మా, ఇక్కడేం ముళ్లు లేవు." ఎవరూ కదలలేదు. "రండి, రండి." కదలలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది ఎవరి పనో నాకు తెలుసు. మన అతిథుల ముందు, దేవుడి ఇంట్లో, మన విశ్వాసం ఇంతేనా? ఒక్కరు, ఒక్కరైనా లేరా?"

మా అమ్మ లేచింది.

డెబ్బై దాటిన మనిషి. గోడ పట్టుకుని లేచి, చీర సర్దుకుని, ఊతకర్ర టకటకలాడిస్తూ అందరి మధ్యనుంచి నడిచింది. దూలానికి సరిగ్గా కింద చాప మీద కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుంది. "నా కొడుకు కట్టిన కప్పు" అంది, మైకు లేకుండానే అందరికీ వినపడేలా. "గట్టిదని నా కొడుకు చెప్పాడు. ఎవరొస్తే ఎంత, రాకపోతే ఎంత."

"చూడండి ఈ తల్లిని!" అన్నారు అయ్యగారు. చప్పట్లు. ఇద్దరు ఆడవాళ్లు సిగ్గుపడి లేచి అమ్మ వెనకాల కూర్చోడానికి వచ్చారు.

మా ఆవిడ గోడ పక్కనుంచి లేచి అమ్మ దగ్గరికి వెళ్లి వంగింది. "అత్తయ్యా, లేవండి."

"పోవే. నీకు నమ్మకం లేకపోతే నువ్వు పో."

ఆమె తలెత్తి హాలు నడుమనుంచి నన్ను చూసింది. అడగలేదు. ఊరికే చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, అమ్మ లేచేది. అమ్మ నా మాటే వినేది.

అప్పుడు అమ్మ తల మీద తెల్లగా ఏదో రాలింది. పిండి జల్లెడ పట్టినట్టు. సున్నం. నేను చూశాను. మా ఆవిడా చూసింది.

అమ్మని చంకల కింద చేతులు వేసి లాగింది. అమ్మ తిడుతూ, ఊతకర్రతో ఆమె వీపు మీద కొడుతూ ఉంది. కొడుతుండగానే గోడదాకా ఈడ్చుకెళ్లి వదిలింది. వదిలి, ఆ ఇద్దరు ఆడవాళ్లకోసం వెనక్కి పరుగెత్తింది. ఇద్దరినీ రెండు చేతులతో తోసింది. వాళ్లు బోర్లా పడి దొర్లారు.

నేను అప్పుడు అరిచాను. కప్పు చెడ్డదని అరవలేదు. ఆమెని పేరు పెట్టి పిలిచాను.

*

కప్పు కూలి నలుగురికి కాళ్లు విరిగాయి. చనిపోయింది ఒక్కరే.

సమాధి దగ్గర అయ్యగారు మాట్లాడారు. తలకి కట్టు ఉంది, గొంతు మాత్రం ఎప్పటిదే. నాలుగు వందలమంది ఉన్న చోట దేవుడు ఒక్కరినే తీసుకుని మిగతా అందరినీ కాపాడాడని, ఇది అద్భుతమని, ఇందులోనూ ఆయనకే మహిమ కలగాలని చెప్పారు. జనం ఏడుస్తూ స్తోత్రం అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఏమైనా చెబుతావా తమ్ముడూ అన్నారు.

"ఆ ఆదివారం నన్ను లేపి అడిగారు. మళ్లీ అడగండి" అన్నాను.

ఆయనకి అర్థమయింది. అడగలేదు. తాళాలాయన నా భుజం పట్టుకుని, "ఇప్పుడెందుకు మేస్త్రీ, పోయినావిడ రాదు కదా" అన్నాడు. ఆ చెయ్యి తీసేశాను. అడక్కుండానే చెప్పాను. దూలం ఎందుకు ఆపామో, ఎంతసేపు ఆపామో, చెక్కకుండా పొయ్యమని ఎవరన్నారో, గట్టిదని ఎవరు చెప్పారో, వాన నీళ్లు ఎవరు వదల్లేదో. అందులో నా పేరు ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ చెప్పాను. "కాపాడింది ఆవిడ. అద్భుతం అన్న మాట కింద ఆవిణ్ణి పూడ్చకండి" అన్నాను. ఎవరో పాట అందుకున్నారు. పాట మీంచే చెప్పాను.

అధికారులు వచ్చినప్పుడూ అదే చెప్పాను. ఏడాదిన్నర లోపలున్నాను. కర్రలాయన ఒక్కడే చూడటానికి వచ్చేవాడు. వచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్లేవాడు.

నేను బయటికొచ్చాక అయ్యగారు ఒకసారి ఇంటికి వచ్చారు. అప్పటికే వేరే సంఘానికి మారిపోయారు. బాగా చిక్కిపోయారు. నన్ను క్షమించు తమ్ముడూ అన్నారు, ఏడ్చారు. నిజంగానే ఏడ్చారనుకుంటాను.

"క్షమించడం దేవుడి పని. నేను మేస్త్రీని" అన్నాను.

దేవుడి మీద నాకు కోపం ఉందా అని కొందరు అడుగుతారు. లేదు. దూలం ఆయన పోయలేదు. ఆయన తరపున మాట్లాడటానికి ఆ ఆదివారం ఒక్కరే లేచారు. ఆమెని కూర్చోబెట్టింది నేను.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరమే, నేనూ అమ్మా. అమ్మ నన్ను ఏమీ అనదు. కోడలి మాట ఎత్తదు. పెడితే తింటుంది, పిలిస్తే పలుకుతుంది. పొద్దున్నే స్నానానికి నీళ్లు కాచి బకెట్టు గుమ్మం దగ్గర పెట్టి, "గోరువెచ్చగా ఉన్నాయమ్మా, పోసుకో" అంటాను.

సరే నాయనా అంటుంది. అని, వంగి వేలు ముంచి చూసుకుంటుంది.